కోపం అడిగి కళ్ళు వేసే అప్ప

అప్ప పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ఒక ఫ్రేము దగ్గర బేరంలో ఉన్నాను. టెల్కో కాలనీ నుంచి వచ్చిన ఇంజనీరుగారు కూతురి నాట్యం ఫోటోకి బంగారు రంగు అంచు కావాలంటారు, ఖరీదు మాత్రం మామూలు కర్ర అంచుది ఇస్తానంటారు. సెల్లు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. అవతల అప్ప మేనకోడలు ఏడుస్తూ చెబుతుంటే వింటూ, ఇవతల వేళ్ళతో సైగలు చేస్తూ బేరం ముగించాను. ఆయన ఫోటో చుట్టించుకుని వెళ్ళాక కుర్చీలో కూలబడ్డాను. అప్ప చూసి ఉంటే నన్ను తప్పకుండా కొట్టి ఉండేది. చావు కబురు వింటూ బేరమాడినందుకు కాదు, అంత తక్కువకి ఒప్పుకున్నందుకు.

కొట్టడం ఆవిడకి మాటలో భాగం. మిగతావాళ్ళు మాట మధ్యలో ఊపిరి తీసుకునే చోట ఆవిడ ఎదుటివాడికి ఒకటి అంటించేది. దగ్గర ఎప్పుడూ ఒక చెక్క స్కేలు ఉండేది. పరాయివాళ్ళకి దాని వెడల్పు వైపు, అయినవాళ్ళకి అంచు వైపు. నాకు మొదట్లో వెడల్పు వైపు తగిలేది. కొన్నాళ్ళకి అంచు తగలడం మొదలైంది, అప్పుడు తెలిసింది నేను ఆవిడకి కావలసినవాణ్ణని.

అప్ప అంటే మా వైపు అక్క. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, బరంపురం వైపుల నుంచి కొందరం ఉక్కు పనికీ, కొందరం ఉక్కు పనివాళ్ళకి ఉప్పూ పప్పూ అమ్ముకునే పనికీ జంషెడ్‌పూర్ చేరాం. మాది రెండో రకం. నాన్నది గిన్నెల కొట్టు, మామయ్యది బట్టల కొట్టు. మా ఇంట్లో పిల్లలకి మాటలు వచ్చే ముందే తగ్గించమనడం వస్తుంది. నేను బారిడీహ్ బజారులో ఫోటోలకి అద్దాలూ ఫ్రేములూ కట్టే కొట్టు పెట్టాను. కొట్టు ముందు రేకుల నీడలో చోటు ఉంటే అప్పకి అద్దెకి ఇద్దామనుకున్నాను. అద్దె మాట ఎత్తేసరికి స్కేలు తగిలింది. ఆ తర్వాత చోటు ఆవిడదే.

పొట్టి మనిషి. మణికట్లు మాత్రం కమ్మరివాడివి. చుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చేది. నోరు మూసి ఉంటే పొగ ఎక్కడి నుంచి వస్తోందో కొత్తవాళ్ళకి తెలిసేది కాదు. అలా నోట్లో నిప్పుతోనే, నాలుగు వెంట్రుకల కుంచె పట్టుకుని, చచ్చిపోయినవాళ్ళకి కళ్ళు వేసేది.

అదే ఆవిడ పని. అప్పట్లో మావాళ్ళ ఇళ్ళల్లో చాలామందికి ఫోటోలు ఉండేవి కావు. ఉంటే గేటు పాసు మీద అతికించిన బిళ్ళంత ఫోటో, లేకపోతే ఎవరిదో పెళ్ళిలో వెనక వరసలో సగం మొహం. మనిషి పోయాక, పాడె కట్టే లోపల, స్టూడియోవాణ్ణి పిలిపించేవారు. శవాన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి ఫోటో తీయించేవారు. పన్నెండో రోజుకి అది పెద్దదై, దండ వేయించుకుని గోడెక్కాలి. కళ్ళు మూసుకున్న ఫోటోకి దండ వేయకూడదని పట్టింపు. అందుకని మూసిన రెప్పల మీద అప్ప కళ్ళు వేసేది. ఫర్నేసు దగ్గర కాలినవాళ్ళుంటే కాలిన చోటు తీసేసేది. క్రేను కింద పడ్డవాళ్ళకి పోయిన చెంప తెచ్చేది. గాయాలు తీసేయడంలో ఆవిడ చేతిని మించిన చేయి అటు బిర్సానగర్ నుంచి ఇటు నది ఒడ్డు దాకా లేదు.

అయితే కళ్ళు వేసే ముందు ఇంటివాళ్ళని కూర్చోబెట్టి ఒక్క మాట అడిగేది.

"కోపమొత్తే ఎలగుండీవోడు?"

జనం తెల్లబోయేవారు. పోయినవాళ్ళ మంచితనం చెప్పడానికి సిద్ధమై వచ్చేవారు గానీ కోపం ఎవరు గుర్తుంచుకుంటారు? అప్పకి మంచితనంతో పని లేదు. నవ్వు అందరికీ ఒక్కలాటిదే, కోపమే ఎవుడిది ఆడిది అనేది. చెప్పడం కూడా చాలదు. చేసి చూపించాలి. ఆయన తిట్టినట్టు తిట్టాలి, ఆయన కొట్టినట్టు కొట్టాలి, అవసరమైతే అప్పనే కొట్టాలి.

ఒకసారి కార్ఖానాలో రైలు చక్రాల షాపులో పనిచేసి పోయిన ఒక పెద్దాయన కుటుంబం వచ్చింది. ముగ్గురు కొడుకులూ వంతులవారీగా మా నాన్న దేవుడని చెప్పారు. అప్ప ముగ్గురినీ స్కేలుతో పక్కకి తోసి, వెనక కూర్చున్న ముసలావిడని పిలిచింది. నిన్నెలా తిట్టేవాడని అడిగింది. ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదని ఆవిడ కళ్ళొత్తుకుంది. అప్ప కుంచె కింద పెట్టేసింది.

"అబద్దమాడితే గుడ్డికళ్ళేసి పంపుతాను. మరి నీ ఇష్టం."

ముసలావిడ లేచి, చీర కుచ్చెళ్ళు బిగించి, నా కొట్టులో టీ తాగి పెట్టిన సత్తు పళ్ళెం అందుకుని గోడకేసి విసిరింది. ఆవిడ నోట్లోంచి మగ గొంతు వచ్చింది. "ఇదేటే, కూరా, కుడితా?" ఆ తర్వాత వచ్చిన మాటలు ఇక్కడ రాసేవి కావు. కొడుకులు ముందు నవ్వారు, ఆ వెంటనే ముగ్గురూ ఏడ్చారు. అప్ప ఇవేమీ పట్టించుకోలేదు. ముసలావిడ కళ్ళల్లోకి చూస్తూ, ఆ కళ్ళల్లో ఉన్న ఆయన కళ్ళని తీసి కాగితం మీద పెట్టేసింది. ఫోటో ఇంటికి వెళ్ళాక ఆవిడ దాని ముందు నడిచేటప్పుడల్లా పైట సర్దుకునేదని పెద్దకొడుకు నాతో చెప్పాడు. నా పళ్ళెం మాత్రం సొట్ట పోయింది. సొట్టకి ఏమైనా ఇస్తారా అని అడిగాను. అప్ప స్కేలు తీసింది. ఇక అడగలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మా వీధి చివరి స్టూడియో ఆయన, మంచివాడే, మీసానికి రంగేసుకుని వయసు దాచుకునే మనిషి, నెగెటివు లేని కెమెరా ఒకటి, కంప్యూటరు ఒకటి కొన్నాడు. అప్ప వారం రోజులు పట్టే పని ఆయన టీ చల్లారే లోపల చేసి ఇచ్చేవాడు. మామూలు చొక్కావాళ్ళకి కోటు తొడిగేవాడు. బిర్సానగర్ దాటి ఎరగనివాళ్ళని మంచుకొండల ముందు నిలబెట్టేవాడు. జనం ఎగబడ్డారు. అప్ప దగ్గరికి రాకపోకలు తగ్గాయి. ఆవిడే వెళ్ళి ఆ కంప్యూటరు ముందు స్టూలేసుకుని కూర్చుని, ఇది ఏటి సేత్తది, అది ఏటి సేత్తది అని అడిగి అడిగి ఆయన ప్రాణం తీసేది. చేసిన పనిని వెనక్కి తీసుకునే మీట ఒకటుందని తెలిసినప్పుడు మాత్రం నమ్మలేదు. పదేపదే నొక్కించి చూసింది. కాగితం మీద బ్లేడుతో గీకితే గీకినట్టే, ఇక్కడ మాత్రం ఏదీ పోదట అని నాతో ఆశ్చర్యంగా చెప్పింది.

గొడవ ఇంకోచోట వచ్చింది. బిర్సానగర్‌లో ఒకావిడ పక్కింటికి పన్నెండో రోజు భోజనానికి వెళ్ళి, అక్కడి ఫోటో చూసి జడుసుకుంది. పోయింది పక్కింటి మామగారు. ఆయన ఫోటోలోంచి తనని చూస్తున్నది మాత్రం ఏడాది కిందట పోయిన తన మొగుడు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, స్టూడియో ఆయన తన బావమరిది పెళ్ళి ఫోటోలోంచి ఒక మంచి జత కళ్ళు కత్తిరించి పెట్టుకున్నాడు. పోయినవాళ్ళందరికీ అవే అతికిస్తున్నాడు. బావమరిది బతికే ఉన్నాడు, టెల్కో బస్సులో రోజూ డ్యూటీకి వెళ్ళొస్తున్నాడు. ఆయన కళ్ళు మాత్రం ఊళ్ళో సగం గోడల మీద దండల మధ్య ఉన్నాయి.

అప్ప స్టూడియోకి వెళ్ళి మౌసుని తీగతో సహా పీకి, ఆ తీగతోనే ఆయన్ని వాయించింది. మెడ మీద వాతలు తేలాయి. కంప్యూటరు మీద కోపం కాదది. ఇంటివాళ్ళని ఏమీ అడక్కుండా కళ్ళు వేశాడని కోపం.

ఇంతవరకూ చెప్పినవన్నీ నవ్వుకునే సంగతులు. నాకు ఆవిడ అంటే గుర్తొచ్చేది మాత్రం పైడమ్మ కొడుకు సంగతి.

బజారు మలుపులో టైర్లకి పంక్చర్లు వేసే కుర్రాడు అప్పలరాజు. తండ్రి లేడు, తల్లి పైడమ్మ. ఆ రోజుల్లో మా బజారుకి భయ్యాజీ అని ఒకడు వచ్చేవాడు. అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు. కొట్టు తెరిచి ఉంచుకోవాలంటే ప్రతి వాడూ అతని మనుషుల చేతిలో చందా పెట్టాలి. మా నాన్న లాంటి గండరగండడైన బేరగాడు కూడా అక్కడ నోరెత్తలేదు. అప్పలరాజు ఇవ్వనన్నాడు. రెండోసారీ ఇవ్వనన్నాడు. ఆ మర్నాడు పట్టపగలు, బజారు వెనక మురిక్కాలవ దగ్గర పడి ఉన్నాడు. తల పగిలి ఉంది, ఊపిరి లేదు. స్కూటరు మీంచి పడిపోయాడని భయ్యాజీ మనుషులే జనానికి చెప్పారు. వాడికి స్కూటరు లేదు. అయినా బజారంతా పడిపోయాడు పాపం అంది. నేనూ అదే అన్నాను. పోలీసుల దాకా ఎవరూ వెళ్ళలేదు. సాయంత్రానికల్లా దహనానికి సువర్ణరేఖ నది ఒడ్డుకి తీసుకెళ్ళాలని పెద్దలు తొందరపెట్టారు.

స్టూడియో ఆయన వచ్చి ఫోటో తీశాడు. అప్ప కూడా వచ్చింది. పని తనది కాకపోయినా మావాళ్ళల్లో ఎవరు పోయినా వెళ్ళి మొహం చూసొచ్చేది. దవడ జారకుండా గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా, చెవుల మీదుగా, తెల్లగుడ్డ బిగించి కట్టి ఉంది. ఎడమ కనుబొమ్మ చీలి ఎముక కనిపిస్తోంది. పెదవి చితికింది. అప్ప అంత సేపు చూడటం నేనెప్పుడూ చూడలేదు.

పన్నెండో రోజు ఫోటో గోడెక్కింది. ఒక్క గీత లేదు. కనుబొమ్మ అచ్చు గీసినట్టుంది. పెదవి మీద చిరునవ్వు. వాతలు తిన్నా మానలేదు, మళ్ళీ బావమరిది కళ్ళే. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట అన్నారు. అంత పడ్డా దేవుడు మొహం మాత్రం కాపాడాడు అని.

ఆ మాట పైడమ్మకి ఎక్కడో తగిలింది. మర్నాడు స్టూడియోకి వెళ్ళి, మొదట తీసిన ఫోటో, దెబ్బలున్నది, కావాలంది. స్టూడియో ఆయన తల దించుకున్నాడు. దెబ్బలున్న శవం బొమ్మ ఇంట్లో గానీ కొట్లో గానీ ఉంచకూడదని మనవాళ్ళ ఆచారం. పాత రోజుల్లో కాగితం చించేసినా నెగెటివు ట్రంకుపెట్టె అడుగున పడి ఉండేది. ఈయన కంప్యూటరులో బాగుచేసి, అసలు బొమ్మ చెరిగిపోయేలా దాని మీదే దాచేసి, కెమెరాలోది తుడిచేశాడు. మర్యాదగా ఉంటుందనే తుడిచాడు. ఇప్పుడు అప్పలరాజుకి దెబ్బలు తగిలాయని చెప్పే బొమ్మ ఈ లోకంలో లేదు.

పైడమ్మ గోడ మీది ఫోటో దించి, దండతో సహా చంకలో పెట్టుకుని నా కొట్టుకి వచ్చింది. దాన్ని అప్ప ముందు పెట్టింది.

"అప్పా, నువ్వు సూసినావు. ఆ దెబ్బలు మళ్ళీ ఎట్టు."

అప్ప చుట్ట నోట్లోంచి తీసింది. "నా జల్మలో దెబ్బ తీసినాను గానీ ఎట్టలేదే. పోలీసోళ్ళకి సూపిత్తావేటి? ఇది సేతిబొమ్మ అంటారు."

"పోలీసులొద్దు, కోర్టొద్దు. ఈ బజారోళ్ళు సూడాల. పడిపోయినాడు, పడిపోయినాడంతన్నారు. నా కొడుకు పడ్లేదప్పా. ఆ మాట ఒక్కటీ ఈళ్ళ నోట్లోంచి పోవాల."

నేను ఫ్రేముకి మేకులు కొడుతున్నట్టు నటిస్తూ వింటున్నాను. నా చెవులు వేడెక్కాయి.

అప్ప ఫ్రేములోంచి ఫోటో తీసింది. కాగితం మీద వేలితో తడిమి చూసింది. తర్వాత అలవాటైన మాటే అడిగింది, కోపమొస్తే ఎలా ఉండేవాడని. పైడమ్మ తల అడ్డంగా ఊపింది. నా మీద ఎప్పుడూ కోప్పడలేదంది. అప్ప స్కేలు తీయలేదు.

"మరెవుడి మీద?"

"ఆళ్ళ మీద. చందా కోసం వచ్చినప్పుడు."

"సూపించు."

పైడమ్మ నిలబడింది. చేతిలో లేని రెంచిని గట్టిగా పట్టుకుంది. గొంతు పెంచలేదు. "ఇవ్వను. ఏటి సేత్తావో సెయ్" అంది. అంతే. మళ్ళీ కూర్చుని మొహం కప్పుకుంది.

అప్ప ముందు బావమరిది కళ్ళని బ్లేడుతో గీకి పారేసింది. ఆ చోట ఇవ్వననే కళ్ళు వేసింది. తర్వాత చిరునవ్వు చితక్కొట్టింది. నిజంగా అలాగే అనిపించింది, కుంచెతో కాదు, పిడికిలితో చేస్తున్నట్టు. కనుబొమ్మ చీల్చింది. చీలికలో ఎముక తెల్లదనం పెట్టింది. గాయం అంచుల్లో మూడు రకాల ఎరుపు, వాటి మధ్య నలుపు. పని చేస్తున్నంత సేపూ పళ్ళ మధ్య నుంచి బూతులు వస్తూనే ఉన్నాయి. ఒక జీవితకాలం తీసేసిన దెబ్బలన్నీ ఆవిడ చేతిలోనే దాక్కుని ఉన్నాయేమో, దారి దొరికి బయటికి దూకుతున్నట్టుంది. ఆ ఫోటోకి అద్దం బిగించి ఇమ్మంది. బిగించాను.

"గుమ్మానికి కట్టు" అంది.

భయ్యాజీ రోజూ టీ తాగేది నా కొట్టుకి ఎదురుగానే. బేరం మొదలుపెట్టాను. లోపల దేవుడి క్యాలెండర్ల పక్కన పెడదామన్నాను. స్కేలు. పోనీ గుమ్మానికే, కానీ పక్కకి తిప్పి. స్కేలు. మీద ఒక గుడ్డ కప్పి, చూడాలన్నవాళ్ళు ఎత్తి చూసేలా. ఈసారి అంచు. నా జీవితంలో అంత పట్టుగా ఏ బేరమూ ఆడలేదు, అంత పూర్తిగా ఏ బేరమూ ఓడిపోలేదు. అప్పలరాజు మా గుమ్మానికి, రోడ్డుకి ఎదురుగా ఎక్కాడు.

బజారు చూసింది. అదే మనిషి, అదే ఫోటో. గోడ మీద ఉన్నప్పుడు దగ్గరికి వెళ్ళి పరీక్షగా చూసి నిట్టూర్చినవాళ్ళు ఇప్పుడు దూరం నుంచి చూసి తల తిప్పుకున్నారు. తమలపాకులమ్మే ముసలాయన మాత్రం వచ్చి ఎదురుగా నిలబడి, చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుని వెళ్ళాడు. పైడమ్మ మా మెట్టు మీద కూర్చుంది. పడిపోయాడు అనే మాట ఆ పూట ఎవరి నోటా రాలేదు.

భయ్యాజీ వచ్చాడు. వెంట నలుగురు. టీ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వచ్చి ఫోటో ముందు ఆగాడు. నేను ఊహించినట్టు అరవలేదు. శ్రద్ధగా చూశాడు. ఏదైనా వస్తువు కొనబోయేవాడు చూసినట్టు. కంప్యూటరుదా అని హిందీలో అడిగాడు. చేతిదే అంది అప్ప.

అతను మెచ్చుకోలుగా తల ఊపి, తన మనుషుల వైపు తిరిగి నవ్వాడు. "గలత్ బనాయా. భవ్ తో నాలీ పే గిరా తబ్ ఫటీ. మారా థా కాన్ కే పాస్."

తప్పు వేసింది, కనుబొమ్మ కాలవ గట్టు మీద పడ్డప్పుడు చీలింది, కొట్టింది చెవి దగ్గర అన్నాడు. పనితనంలో లోపం చూపించే మేస్త్రీలా అన్నాడు. బజారంతా విన్నది. తూకంలో ఉన్న తక్కెడ గాల్లో ఆగిపోయింది. అతనికి ఇంకా తెలియలేదు, తను ఏం చెప్పాడో.

అప్పకి తెలిసింది. "సెవి దగ్గరా?" అంది, చాలా నెమ్మదిగా. "గుడ్డ కట్టేసినారు. నాకు కనబడ్లేదు."

అప్పుడు అతని మొహం మారింది. పక్కనున్నవాడికి సైగ చేశాడు. వాడు ఫోటోని గుమ్మం మీంచి లాగి నేలకేసి కొట్టాడు. అద్దం భళ్ళుమంది. నేను నా అద్దాలు కోసే బల్ల కింద ఉన్నాను. ఎప్పుడు దూరానో తెలియదు, ఈ విషయాల్లో నా శరీరం నన్ను అడగదు.

అందుకని మిగతాదంతా నేను చూసింది కాళ్ళ మధ్య నుంచే. గచ్చు మీద అద్దం ముక్కలు, వాటి మధ్య అప్పలరాజు కళ్ళు. అప్ప ఉత్తి పాదాలు ముక్కల మీదుగా ముందుకి రావడం. ఆవిడ కుడిచేయి కిందికి దిగి, జానెడు పొడుగు ముక్క ఒకటి ఏరుకోవడం. ఎన్నుకుని మరీ ఏరింది. చేయి పైకి వెళ్ళింది. ఒక అరుపు వినిపించింది, ఆడదో మగదో చెప్పలేని అరుపు. టీ గ్లాసు పడింది. ఆ తర్వాత గచ్చు మీద రెండు చోట్ల చుక్కలు పడ్డాయి, ఒకటి అతని బూట్ల దగ్గర, ఒకటి ఆవిడ పాదాల దగ్గర. అద్దం ముక్కకి పిడి ఉండదు కదా. పట్టుకున్నవాళ్ళనీ కోస్తుంది.

బూట్లు ఆవిడ మీదికి లేచాయి. ఒక్క తన్నుకే ఆవిడ నా బల్ల కాలుకి వచ్చి కొట్టుకుంది. మొహం నా మొహానికి ఎదురుగా ఉంది. నన్ను చూసి ఉమ్మేసి, మళ్ళీ లేవబోయింది. ఈసారి బూటు పక్కటెముకల్లో తగిలింది. ఆ చప్పుడు విన్నాను, ఎండుపుల్ల విరిగినట్టు. పైడమ్మ ఆవిడ మీద పడి కప్పేసింది. పైడమ్మ వీపు మీద తన్నులు పడుతున్నాయి.

అప్పుడు చెప్పులు వచ్చాయి. ముందు తమలపాకుల ముసలాయనవి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన నీలం హవాయి చెప్పులు. తర్వాత కూరగాయల ఆడవాళ్ళవి, మట్టి పాదాలు, వెండి మట్టెలు. పిండిమరవాడి తెల్లటి కాళ్ళు. చివరికి మా నాన్న తోలు కిర్రుచెప్పులు. ఆ శబ్దం నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అవి గొడవ వైపు నడవడం మాత్రం ఎప్పుడూ వినలేదు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. కాళ్ళన్నీ చుట్టూ వచ్చి ఆగాయి, అంతే. బూట్లు ఒకసారి గుండ్రంగా తిరిగి చూసుకున్నాయి. తర్వాత దారి వెతుక్కుని వెళ్ళిపోయాయి.

నేను బల్ల కింద నుంచి బయటికి వచ్చేసరికి, నాన్న తన కండువా చింపి అప్ప చేతికి కడుతున్నాడు. అప్ప ఆయన్ని నోటికొచ్చినట్టు తిడుతోంది, ఇన్నాళ్ళూ ఎక్కడ సచ్చినావురా అని. ఆయన ముడి బిగిస్తూనే ఉన్నాడు.

భయ్యాజీకి చెవి కింద నుంచి దవడ దాకా కుట్లు పడ్డాయి. ముసలి ఆడది కోసిందని చెప్పుకోలేకపోయాడు. ఆస్పత్రిలో ఏం చెప్పి కుట్లు వేయించుకున్నాడో మా బజారుకి తెలిసి, చాలా రోజులు అందరూ అతన్ని మర్యాదగా, స్కూటరు జాగ్రత్తగా నడపాలి కదా భయ్యాజీ అని పరామర్శించారు. పైడమ్మ ఆ తర్వాత కేసు పెట్టింది. ఆ బజారులో అతనన్న మాట విన్నవాళ్ళు వెళ్ళి సాక్ష్యం చెప్పారు. నేనూ వెళ్ళాను. విన్న ప్రతి మాటా ఉన్నదున్నట్టు ఇచ్చేశాను, ఒక్క అక్షరం తగ్గించలేదు. నా వంశంలో అలా ఇచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. కేసు కేసులాగే నడుస్తోంది. అతను బయట తిరుగుతూనే ఉన్నాడు, కానీ మా బజారులో చందా అడిగినవాళ్ళు మళ్ళీ కనపడలేదు. పైడమ్మకి అప్ప, అద్దం చీరిన ఆ ఫోటోని అతికించి ఇచ్చింది. చెవి దగ్గర మిగిలిన దెబ్బని ఎడమచేత్తో వేసింది.

ఎడమచేత్తో ఎందుకంటే కుడిచేతి నరాలు తెగిపోయాయి. వేళ్ళు మడతపడేవి కావు. కుంచె నిలిచేది కాదు. నేను పాత కంప్యూటరు ఒకటి బేరమాడి కొన్నాను, నా వ్యాపారానికే అని అందరికీ చెప్పాను. అప్ప ఎడమచేత్తో మౌసు పట్టుకుని, మాట వినకపోతే తెరని చెంపదెబ్బ కొడుతూ, పని నేర్చుకుంది. వచ్చినవాళ్ళని కోపం అడగడం మానలేదు. తర్వాత్తర్వాత అందరి చేతుల్లో ఫోటోలు తీసే సెల్లులు వచ్చాయి. చచ్చిపోయినవాళ్ళు ముందే కళ్ళు తెరుచుకుని, నవ్వుతూ వచ్చేవారు. ఈయన ఎప్పుడూ ఇలాగే నవ్వేవాడా అని ఆవిడ అనుమానంగా అడిగేది. వాళ్ళు చిరాకుపడేవారు.

ఆవిణ్ణి చివరిసారి బజారులో చూసింది ఒక పండగ ముందు. అప్పటికి భయ్యాజీ నాయకుడయ్యాడు. ప్రజలకి శుభాకాంక్షలు చెబుతూ అతని నిలువెత్తు ఫ్లెక్సీ ఒకటి బజారు మలుపులో, ఒకప్పుడు పంక్చర్ల దుకాణం ఉన్నచోట కట్టారు. చేతులు జోడించి ఉన్నాడు. చెంపలు కుట్ల జాడే లేకుండా, పసిపిల్లాడి చెంపల్లా నున్నగా ఉన్నాయి. నేనూ అప్పా దాని కింద నిలబడ్డాం. నాకు కోపం రావాలి గానీ, ముందు ఆ ఫ్లెక్సీకి ఎంత తీసుకుని ఉంటారా అని లెక్క వచ్చింది.

అప్ప తల ఎత్తి చాలా సేపు చూసింది. తిడుతుందేమో, రాయి తీస్తుందేమో అని పక్కకి జరిగాను. ఆవిడ పెదవి విరిచింది.

"ఎవుడో గానీ, పని రాని యెదవ. సరిగ్గా తియ్యలేదు. ఇక్కడ కనబడతంది."

నాకేమీ కనబడటం లేదన్నాను. నెత్తి మీద ఒకటి పడింది, మడతపడని వేళ్ళతో.

"సరిగ్గా సూడ్రా, షావుకారూ."

చూశాను. పక్కనే కూరలమ్మే ఆవిడ కూడా తక్కెడ దించి చూసింది. సైకిలు మీద పోతున్నవాడు కాలు ఆన్చి చూశాడు. మా వేళ్ళు ఎవరూ చెప్పకుండానే మా చెవుల కిందికి వెళ్ళాయి.